పదకొండో నంబరు సీరం

పదో తరగతి బి సెక్షన్‌లో రక్తప్రసరణ పాఠం నడుస్తోంది. హరిబాబు బోర్డు మీద పరీక్షనాళిక బొమ్మ గీసి, అడుగు భాగాన్ని ఎర్రసుద్దతో నింపాడు. పైన పసుపు సుద్దను అడ్డంగా పట్టి పలచగా రుద్దాడు.

“రక్తాన్ని కదపకుండా ఉంచితే గడ్డ కడుతుంది. గడ్డ కుంచించుకుపోయాక పైన మిగిలే లేతపసుపు ద్రవాన్ని సీరం అంటారు. రాసుకోండి.”

“పెరుగు మీద తేటలాగానా సార్?” ముందు బెంచీలోంచి ఒక అమ్మాయి అడిగింది.

“అలాగే,” అన్నాడు. ఏటా ఆ పోలిక తనే చెప్పేవాడు. ఈ ఏడు చెప్పలేదు. ఆ పిల్లకి కిందటేడు చదివిన అక్కో అన్నో చెప్పి ఉంటారు.

జేబులో ఫోను అదిరింది. క్లాసులో ఫోను తీసే అలవాటు లేదు. కానీ నంబరు చూసి వరండాలోకి నడిచాడు. విజయవాడ ఆసుపత్రిలో కూతురు మాధురి ఉన్న రోజుల నాటి నంబరు అది. ఏడాదిగా మోగలేదు, అతను తీసెయ్యనూ లేదు.

“సార్, నేను వినీలనండి. ఎముకమజ్జ ల్యాబు నుంచి. బాగున్నారా?”

“చెప్పమ్మా.”

“మాధురి పాప సీరం ఇంకొక్క ట్యూబు మిగిలి ఉంది సార్. మా స్టడీ ఈ నెలాఖరుకి అయిపోతుంది. దాన్ని తీసెయ్యమంటారా, తర్వాతి పరిశోధనకి ఉంచమంటారా అన్నది మీరు సంతకం పెట్టి చెప్పాలి. వీలు చూసుకుని రండి.”

“ఎంత ఉంటుంది?”

“అర మిల్లీలీటరు సార్.”

వరండా చివర మధ్యాహ్న భోజనం గిన్నెలు దించుతున్నారు. హరిబాబు ఆ చప్పుడు ఆగేదాకా నిలబడ్డాడు. పాప బట్టలు ఇచ్చేశారు. పుస్తకాలు బడికి ఇచ్చేశారు. పిల్లలని పూడ్చిన చోట గుర్తు పెట్టే ఆచారం తమలో లేదు. ఏమీ మిగల్లేదనుకున్నాడు. విజయవాడలో ఒక చలిపెట్టెలో అర మిల్లీలీటరు ఉందన్నమాట.

“రేపు వస్తాను,” అన్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య రాజ్యశ్రీ పప్పులోకి చింతపండు పిసుకుతోంది. కంకిపాడులో ఈ రెండు గదుల పోర్షన్‌కి వచ్చి పదకొండు నెలలు. పాప పోయిన నెలకే పెడన ఇల్లు వదిలేశారు. ఇక్కడికి వచ్చాక ఈ ఇంట్లో నిమ్మకాయ కొనలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ కొనలేదు.

“మామయ్యగారు ఫోన్ చేశారండీ,” అంది. “ఆదివారం పాత సామాన్లవాణ్ణి రమ్మన్నారట. మీరు చెప్పినట్టే.”

“మంచిది.”

“రాగి గుండిగ కూడానా? అది మీ తాతగారి నాటిదంటారు.”

హరిబాబు కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. పాప పోయిన రోజు నుంచి అతను తండ్రితో మాట్లాడలేదు. చెప్పవలసినవి రాజ్యశ్రీ చేత చెప్పించేవాడు. ‘ఆ రంగులే నా బిడ్డని తినేశాయి. ఆ పొయ్యి మళ్ళీ వెలిగితే నేను ఆ గడప తొక్కను.’ తండ్రి రామలింగం ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. యాభై ఏళ్ళు నూలుకి రంగులు అద్దిన మనిషి మర్నాడే గుండిగలు బోర్లించాడు. ఇప్పుడు వాటిని అమ్మెయ్యమంటే దానికీ సరేనన్నాడు.

భోజనాల దగ్గర రాజ్యశ్రీ అడిగింది. “పద్నాలుగో తారీఖు ఏం చేద్దామండీ?”

“పిల్లలకి సంవత్సరీకాలు పెట్టరు.”

“తెలుసు. అందుకే అడుగుతున్నా.”

అతను పళ్ళెంలో చెయ్యి కడిగేసుకున్నాడు. ల్యాబు నుంచి ఫోను వచ్చిందని మాత్రం ఆమెకి చెప్పలేదు. ముందు కాగితం చేతికి రానీ, అనుకున్నాడు. ఏ కాగితమో మధ్యాహ్నమే మనసులో నిర్ణయమైపోయింది.

మర్నాడు ఆఖరి పీరియడ్ ఇంకొకరికి అప్పజెప్పి సిటీ బస్సెక్కాడు. గవర్నర్‌పేటలో దిగి, హోల్‌సేల్ షాపుల ముందు దించుతున్న బేళ్ళ మధ్యగా నడిచి, ఆసుపత్రి వెనక భవనం మెట్లెక్కాడు. రెండో అంతస్తులో రక్తం తీసే గది. దాని ముందు నుంచి వెళ్ళకుండా మూడో అంతస్తుకి దారి లేదు. తల వంచుకుని దాటబోయాడు.

“హరిబాబు గారూ!” లోపలినుంచి లాజరు కేక వేశాడు. రక్తం తీసే టెక్నీషియన్. మాధురి చేతిలో నరం ఎక్కడ దొరుకుతుందో తల్లికన్నా అతనికే బాగా తెలుసు. “ఏంటి సార్, అలా వెళ్ళిపోతున్నారు? పెద్దాయన ఎలా ఉన్నారు?”

“ఏ పెద్దాయన?”

“మీ నాన్నగారండి. రామలింగం తాత. మార్చి తర్వాత మళ్ళీ రాలేదు. ఒంట్లో బాగానే ఉందా?”

“మా నాన్న ఇక్కడికెందుకొచ్చాడు?”

లాజరు నవ్వు ఆగింది. చేతిలోని దూదిని డబ్బాలో పడేశాడు. “మీకు తెలుసనుకున్నాను సార్. పాప వార్డులో ఉన్నప్పుడే మొదటిసారి వచ్చాడు. జూలైలో. ‘బాబూ, నా రక్తం తియ్యి, అందులోకి రంగు దిగిందేమో చూడు’ అన్నాడు. అలాంటి పరీక్ష లేదు తాతా అంటే వెళ్ళడే! గుమ్మంలో కూర్చున్నాడు. వినీల మేడమ్ చూసి, స్టడీకి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ సీరం కూడా కావాలి కదా, తియ్యండి అంది. సంతకం పెట్టించుకుని తీశాం.” అతనికి మళ్ళీ నవ్వొచ్చింది. “ఆ రోజు చూడాలి సార్ మా అవస్థ! చేతులు నీలం, గోళ్ళు నీలం. తెరేసమ్మ సిస్టర్ చూసి ఆక్సిజన్ పడిపోయిందనుకుని వీల్‌చెయిర్ తెచ్చేసింది. వేలికి క్లిప్పు పెడితే ఏమీ పలకలేదు. తాత తాపీగా ‘అమ్మాయ్, అది పక్కా రంగు, నీ మిషనుకి అందదు’ అన్నాడు. చివరికి చెవికి పెట్టి చూశాం.”

 జూలైలో హరిబాబు పగలూ రాత్రీ వార్డులోనే ఉన్నాడు. తండ్రి మధ్యాహ్నాలు కిందికి వెళ్ళి గంటసేపు కనబడేవాడు కాదు. టీ తాగడానికి వెళ్ళాడనుకున్నాడు. దాని మీద కూడా కోపం తెచ్చుకున్నాడు.

“మార్చిలో వచ్చినప్పుడు గోళ్ళు తెల్లబడిపోయాయండి,” అన్నాడు లాజరు. “క్లిప్పు పెట్టగానే పలికింది. ‘ఇప్పుడు మనిషివయ్యావు తాతా’ అన్నాను. ఆయన నవ్వలేదు.”

మూడో అంతస్తులో ల్యాబు చల్లగా ఉంది. వినీల చెప్పులు విప్పించి, వేరే చెప్పులిచ్చి, నీలం గౌను తొడిగించింది. ముప్పై ఏళ్ళు ఉండవు. మాటకి ముందు ఒక క్షణం ఆగి, అప్పుడు చెబుతుంది. ఆమె టేబుల్ మీద ఫారం సిద్ధంగా ఉంది. దాని కింద, పాపని స్టడీలో చేర్చినప్పుడు నింపిన పాత కేసు షీటు. ‘మచ్చలు మొదట చూసిన తేదీ: జూన్ 2’ అని తన దస్తూరీలోనే ఉంది. హరిబాబు ఆ వరస మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు.

“సంతకానికి ముందు నాకొక కాగితం కావాలమ్మా,” అన్నాడు. “పాపకి మజ్జ ఎండిపోయే ఈ జబ్బు రంగుల కెమికల్స్ వల్ల వచ్చిందని మీ ల్యాబు తరపున రెండు వాక్యాలు రాసివ్వండి. మా నాన్న ఎప్పటికీ ఆ పొయ్యి వెలిగించకూడదు. ఆ వీధిలో ఇంకా పిల్లలున్నారు.”

వినీల ఆగింది. “ఆయన మళ్ళీ మొదలుపెడతానన్నారా సార్?”

“అనలేదు. సామాన్లు అమ్మేస్తున్నాడు.”

“మరి కాగితం ఎందుకండీ?”

 ఆమె లేచి, ఇంక్యుబేటర్ తలుపు తీసి, ఒక ట్రే తెచ్చింది. రూపాయి బిళ్ళకన్నా కొంచెం పెద్దవైన ప్లాస్టిక్ గిన్నెలు. మూత మీద పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి.

“ఇవాళ పద్నాలుగో రోజు. ఇది ఆఖరి విడత,” అంది. “ఈ గిన్నెలన్నింటిలో ఉన్నది ఒకే మనిషి మజ్జ సార్. ఎవరో ఆరోగ్యవంతుడిది. అన్నింటికీ ఒకే ఆహారం, ఒకే వేడి. మార్చేది సీరం ఒక్కటే. పద్నాలుగు రోజులకి ఒక్కో కణం పెరిగి గుత్తి కట్టాలి. ఎన్ని గుత్తులో ఇద్దరం విడివిడిగా లెక్కపెడతాం. ఏ గిన్నె ఎవరిదో లెక్కపెట్టేటప్పుడు మాకు తెలియదు. పొద్దున లెక్క అయిపోయింది. చూస్తారా?”

ఆమె మొదటి గిన్నెని మైక్రోస్కోపు కింద పెట్టి, మర తిప్పి, పక్కకి తప్పుకుంది. హరిబాబు కళ్ళజోడు తీసి వంగాడు. పలచటి వెలుగులో తుప్పు రంగు గుత్తులు, ద్రాక్షల్లా ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉన్నాయి. పిల్లలకి ఉల్లిపొర చూపించే మైక్రోస్కోపుతో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు.

“ఇది మామూలు సీరం,” అంది వినీల. గిన్నె మార్చింది. “ఇది మాధురిది.”

గుత్తులు లేవు. విడివిడి కణాలు, ఉప్పునీళ్ళు ఇంకిన నేల మీద రవ్వల్లా చెదిరి ఉన్నాయి. ఒక మూల నాలుగైదు కలిసి ఏదో కట్టబోయి ఆగిపోయాయి. అతను మర తిప్పి వెతికాడు. అటూ ఇటూ జరిపి మళ్ళీ వెతికాడు. వినీల తొందరపెట్టలేదు.

“పాప సీరంలో ఏదో మజ్జని పెరగనివ్వడం లేదు,” అంది చాలాసేపటికి. “అది బయటినుంచి వచ్చిందో, పాప ఒంట్లోనే పుట్టిందో ఈ గిన్నె చెప్పదు సార్. పెరిగిందా లేదా అన్నంతవరకే చెబుతుంది. మీరడిగిన కాగితం అందుకే రాయలేను.”

“రంగు కాక ఇంకేముంటుందమ్మా? ఆ ఇంట్లో గాలి కూడా నీలమే.”

ఆమె మరో గిన్నె తీసి, మూత మీది అంకె అతనికి కనిపించేలా పెట్టింది. పదకొండు.

అతను వంగాడు. మొదటి గిన్నెకన్నా ఒత్తుగా ఉన్నాయి గుత్తులు. ఒకదాని మీదికి ఇంకొకటి పాకింది.

“ఈ విడతలో ఎక్కువ పెరిగింది ఇదే,” అంది. “దీంతో రంగు మంచిదని కూడా రుజువు కాదు. ఒకరి ఒళ్ళు ఇంకొకరిలా ఉండదు. అది మీకు నేను చెప్పక్కర్లేదు.”

“ఎవరిది?”

“ఇచ్చినవాళ్ళ పేరు మేం చెప్పకూడదండీ.”

కింద లాజరు చెప్పేశాడని ఆమెకి తెలియదు. హరిబాబు తల ఎత్తకుండానే అన్నాడు. “జూలైలో తీశారు. అప్పటికింకా గుండిగలో చేతులు పెడుతూనే ఉన్నాడు.”

వినీల కుర్చీ లాక్కుని కూర్చుంది. “మార్చిలో మొదటి విడత అయ్యాక ఆయన వచ్చారు సార్. చూపించాను. ఆ స్టూలు మీదే కూర్చుని, ‘నాది పెరిగిందా’ అన్నారు. పెరిగింది తాతా అన్నాను. ‘పిల్లది?’ అన్నారు. చెప్పాను.  లేచేటప్పుడు, ‘ఈ సంగతి మా వాడికి తెలియనివ్వకమ్మా’ అన్నారు.”

“ఎందుకట?”

“నేనూ అదే అడిగాను. మీ మీద పడ్డ మాట కొంతైనా పోతుంది కదా తాతా, నేనే ఫోన్ చేస్తానన్నాను. నా చెయ్యి పట్టుకున్నారు.” ఆమె ఆగింది. “ఏమన్నారో నాకు పూర్తిగా అర్థం కాలేదు సార్. ‘వాడు పిల్లని నిమ్మచెక్క పెట్టి తోమాడమ్మా. నా మీద కోపం ఉన్నన్నాళ్ళూ వాడికది గుర్తు రాదు. ఉండనియ్యి’ అన్నారు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. కానీ మీరొచ్చి ఆయన మీదే కాగితం రాయమంటుంటే…”

హరిబాబు కళ్ళజోడు పెట్టుకున్నాడు. తీశాడు. గౌను అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

మే నెల. పెడనలో పెరటి బండ. మాధురి కాళ్ళ మీద, మోచేతి కింద నీలం మచ్చలు. రంగులు కాచే ఇంట్లో పిల్ల ఒంటి మీద నీలం ఉంటే అదేమిటని ఎవరూ అడగరు. “గుండిగల దగ్గరికి పోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?” అన్నాడు తను. “వెళ్ళలేదు నాన్నా,” అంది. అబద్ధమాడుతోందనుకున్నాడు. ఎదర బడి తెరిచే రోజులు, మాస్టారి కూతురు మరకలతో బడికి రాకూడదు. ఉప్పద్దిన నిమ్మచెక్కతో ఎర్రబడేదాకా తోమాడు. “మంట నాన్నా,” అంది. మర్నాడూ తోమాడు. మచ్చలు పోలేదు. కొత్తవి వచ్చాయి. మెట్టు మీద కూర్చున్న రామలింగం, “నా రంగు అంత తేలిగ్గా పోదురా,” అని గర్వంగా నవ్వాడు. మూడు వారాల తర్వాత ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ మాధురి నెత్తురు ఉమ్మింది. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే మచ్చలు ఆ పొద్దునే చూశానని చెప్పాడు తను. జూన్ 2 అని రాశాడు. రక్తఫలకికలు తగ్గితే చర్మం కింద నెత్తురు చేరుతుందని ఏటా బోర్డు మీద రాసే మనిషి.

“మూడు వారాలు ముందు తెస్తే?” అన్నాడు.

“ఎవరూ చెప్పలేరు సార్,” అంది వినీల. ఆమె గొంతులో ఓదార్పు లేదు, తప్పించుకోవడమూ లేదు. “నిజంగా ఎవరూ చెప్పలేరు.”

అతను కేసు షీటు ముందుకి లాక్కుని జూన్ 2 కొట్టేశాడు. పక్కన మే 12 అని రాసి, కింద పొట్టి సంతకం చేశాడు. ఆ తర్వాత ఫారంలో ‘తర్వాతి పరిశోధనకు వాడవచ్చు’ అన్నచోట నిండు సంతకం పెట్టాడు. చలిపెట్టె చూపిస్తానంది ఆమె. వద్దన్నాడు.

శుక్ర, శనివారాలు పాఠాలు చెప్పాడు. శనివారం సాయంత్రం రాజ్యశ్రీతో, “రేపు పెడన వెళదాం,” అన్నాడు. ఆమె ఎందుకని అడగలేదు. బీరువాలోంచి చీర తీసి పెట్టుకుంది.

బందరులో బస్సు మారి వాళ్ళు దిగేసరికి తొమ్మిదైంది. మగ్గాల చప్పుడు వీధి మొదట్లోనే వినిపించింది. ఇంటిముందు ట్రాలీ ఆటో. పాత సామాన్ల శౌరయ్య అప్పటికే రెండు ఇనుప గుండిగలు ఎక్కించి తాడు బిగిస్తున్నాడు. అరుగు మీద రామలింగం గొంతుక్కూర్చుని రాగి గుండిగని చింతపండుతో తోముతున్నాడు. సగం పైగా తళతళలాడుతోంది.

“చూడండి మాస్టారూ,” అన్నాడు శౌరయ్య. “కరిగించేదాన్ని ఈయన పెళ్ళికూతురిలా తయారుచేస్తున్నాడు. గంట నుంచి నించున్నా. ఎందుకు తాతా ఇంత తోముడు?”

“ఇంట్లోంచి వెళ్ళేది మురికిగా వెళ్ళకూడదురా,” అన్నాడు రామలింగం. అప్పుడు తల ఎత్తి కొడుకుని చూశాడు. మళ్ళీ గుండిగ మీదికి వంగాడు. “అమ్మాయ్, లోపలికి రా. ఎండలో వచ్చారు. మంచినీళ్ళు తాగండి.”

హరిబాబు చెప్పులు విప్పి అరుగెక్కి, తండ్రికి ఎదురుగా కూర్చున్నాడు. ఏడాది తర్వాత మొదటి మాట ఎలా మొదలుపెట్టాలో బస్సులో అనుకున్నవేవీ పనికిరాలేదు.

“నాన్నా, ల్యాబుకి వెళ్ళాను.”

చింతపండు పట్టుకున్న చెయ్యి ఆగింది. “ఆ పిల్ల చెప్పేసిందా?”

“చెప్పింది.”

“మంచి పిల్లనుకున్నాను,” అన్నాడు రామలింగం. మళ్ళీ తోమడం మొదలుపెట్టాడు. “అయినా అదంతా ఇప్పుడెందుకురా? వాడి బేరం చెడగొట్టకు. ఎక్కించుకుని పోనియ్యి.”

“మే నెలలో పాప ఒంటిమీద మచ్చలు…”

“వద్దురా హరీ.”

“నేనే తోమాను నాన్నా. మంటంటున్నా ఆపలేదు. వెళ్ళలేదని చెబితే నమ్మలేదు. డాక్టరుకి తేదీ తప్పు చెప్పాను. నిన్ను అన్నాను గానీ…” వాక్యం పూర్తి కాలేదు. రాసిన వాక్యాన్ని పూర్తిచెయ్యకుండా వదలడం అతనికి అలవాటు లేదు. ఇది మాత్రం అక్కడే ఆగిపోయింది.

గుమ్మంలో మంచినీళ్ళ చెంబుతో రాజ్యశ్రీ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు.

“నిమ్మకాయ కోసిచ్చింది నేనండీ,” అంది. “రెండు రోజులూ నేనే కోసిచ్చాను. ఉప్పు కూడా.”

హరిబాబు ఆమె వైపు తిరిగాడు. ఏడాదిగా ఒకే కప్పు కింద, ఒకే పళ్ళెం పక్కన, ఆమె ఇది మోస్తూ తిరిగిందని అతనికి తట్టలేదు. ఆమె ఏడవలేదు. చెంబు అరుగు మీద పెట్టి, కొంగు సర్దుకుని, స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. శౌరయ్య తాడు వదిలేసి బీడీ వెలిగించుకోబోయి, జేబులో పెట్టేసుకున్నాడు. “తాతా, ఇది తియ్యనా, వద్దా?” అన్నాడు నెమ్మదిగా.

రామలింగం కొడుకు వైపు చూశాడు. జవాబు హరిబాబే చెప్పాడు. “ఇది వద్దులే శౌరయ్యా. అవి రెండూ తీసుకెళ్ళు.”

“ఉంచి ఏం చేస్తాంరా?” అన్నాడు రామలింగం.

“నీ ఇష్టం. వెలిగిస్తే మాత్రం చేతులకి గ్లవుజులు కొనిస్తాను. వేసుకోవాలి.”

“గ్లవుజులేసుకుంటే నూలు చేతికి పలకదురా.”

“పలక్కపోయినా వేసుకోవాలి.”

 ఆటో వెళ్ళిపోయింది. “పద్నాలుగున ఇక్కడికే వస్తాం మామయ్యా,” అంది రాజ్యశ్రీ. “రండమ్మా,” అన్నాడు ముసలాయన. చెంబెత్తి నీళ్ళు తాగాడు.

గుండిగని లోపలికి చేర్చడానికి తండ్రి ఒక కడియం, కొడుకు ఒక కడియం పట్టుకుని లేపారు. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. వసారాలో పొయ్యి మీద దించేటప్పుడు హరిబాబుకి తండ్రి వేళ్ళు కనిపించాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ గోళ్ళని నీలంగా తప్ప చూడలేదు. ఇప్పుడవి ఎవరివో అన్నంత తెల్లగా ఉన్నాయి. గుండిగ కుదురుకున్నాక కూడా అతను ఆ చెయ్యి వదల్లేదు. వెలుగు వైపు తిప్పి చూశాడు.

“ఏం చూస్తున్నావురా?”

“గోళ్ళు.”

“పోయింది,” అన్నాడు రామలింగం. “మొత్తం పోవడానికి ఫాల్గుణం దాకా పట్టింది. రోజూ చూసుకునేవాణ్ణి.”